1911లో బాలు తీసిన 114 వికెట్లు

అందరికీ నమస్కారం. ఇవాళ నేను ఒక్క ఏడాది గురించే మాట్లాడతాను, 1911. ఆటల చరిత్రలో ఆ ఏడాది పేరెత్తితే మన దేశంలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు, జులైలో వాళ్ల గెలుపు. చెప్పులు కూడా లేని కాళ్లతో తెల్ల సైనికుల జట్టుని ఓడించిన కలకత్తా కుర్రాళ్లు. అది గుర్తుండాల్సిందే, దాని గురించి కూడా చెప్తాను. కానీ అదే జులై నెలలో ఇంగ్లాండ్‌లో ఒక 35 ఏళ్ల మనిషి, భుజం నొప్పిగా ఉన్నా, ఒక్కో కౌంటీ జట్టునీ, అంటే అక్కడి జిల్లాల జట్లని, తన ఎడమచేతి స్పిన్‌ బౌలింగ్‌తో ఆడించాడు. ఆయన పేరు పల్వంకర్ బాలు. ఈ హాల్లో ఆ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను, ఎందుకంటే వినకపోవడం మీ తప్పు కాదు, మనకి ఎవరూ చెప్పలేదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు ఆ కాలం ఎలా ఉందో కొంచెం చూద్దాం. 1911 జూన్ 22న లండన్‌లో ఐదో జార్జ్‌కి పట్టాభిషేకం జరిగింది. ఆ సంబరాల్లో భాగంగా క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర సామ్రాజ్యపు ఉత్సవం ఒకటి పెట్టారు, అందులో ఆటల పోటీలూ జరిపారు. పరుగు, ఈత, బాక్సింగ్, కుస్తీ. ఇవాళ మనం కామన్వెల్త్ క్రీడలు అంటున్నామే, వాటికి అదే తొలి రూపం. ఎవరు ఆడారు? బ్రిటన్, కెనడా, దక్షిణాఫ్రికా, ఇంకా ఆస్ట్రేలియా న్యూజిలాండ్ కలిసి ఒక జట్టు. మొత్తం మీద గెలిచినవాళ్లకిచ్చే లాన్స్‌డేల్ కప్పు కెనడా గెలుచుకుంది. మొత్తం సామ్రాజ్యంలో అందరికంటే ఎక్కువ జనాభా ఉన్న మన దేశం ఆ పోటీల్లో లేనే లేదు. కుస్తీ పెట్టి, అందులో ఇండియాని పిలవకపోవడం! ఆ ముందు ఏడాదే గామా పహిల్వాన్ లండన్ వెళ్లి పోలండ్ మల్లయోధుడు జబిస్కో లాంటివాణ్ణి రెండున్నర గంటలు కింద పెట్టుకుని కూర్చున్నాడు. సరే, అది వేరే కథ, దాంట్లోకి వెళితే తిరిగి రాలేం.

ఇండియా నుంచి వెళ్లింది ఒక్క క్రికెట్ జట్టు. అంతకుముందు 1886లో, 1888లో పార్సీలు ఇంగ్లాండ్ వెళ్లి ఆడొచ్చారు గానీ వాళ్లు పార్సీల జట్టుగా వెళ్లారు. దేశం మొత్తం పేరు మీద, ఆల్ ఇండియా అని చెప్పుకుని వెళ్లిన మొదటి జట్టు 1911దే. అప్పటి పరిస్థితి మీకు తెలుసు. 1905లో బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం, 1909లో లండన్ నడిబొడ్డున మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపడం. ఇండియా అంటే బాంబులు, పిస్తోళ్లు అని ఇంగ్లాండ్ పత్రికలు రాస్తున్న రోజుల్లో, మేం మీ ఆట ఆడే మర్యాదస్తులం అని చూపించుకోవాలని ఇక్కడి పెద్దలకీ ఉంది, ఇక్కడి తెల్లవాళ్లకీ ఉంది. జట్టుని ఎలా ఎంచారో చూడండి. ఆరుగురు పార్సీలు, ఐదుగురు హిందువులు, ముగ్గురు ముస్లింలు. మతాలవారీగా లెక్కగట్టి పంచుకున్నారు. అప్పట్లో బొంబాయి క్రికెట్ అంతా అలాగే నడిచేది, జింఖానాలు, అంటే ఆటల క్లబ్బులు, మతాల పేర్లతో ఉండేవి. వీళ్లందరి మీదా కెప్టెన్‌గా పటియాలా మహారాజు భూపిందర్ సింగ్. వయసు 19. పట్టాభిషేకం హడావిడి, విందులు, దర్బారులు ఆయనకి ఉండనే ఉన్నాయి, మొదట్లో కొన్ని మ్యాచ్‌లు ఆడి తర్వాత ఆయన దారిన ఆయన వెళ్లిపోయాడు. అంతేనా, జట్టులో బాగా ఆడే బ్యాట్స్‌మన్ మిస్త్రీ ఆయన కొలువులో మనిషి, కాబట్టి ఆయన కూడా మహారాజు వెంట తిరగాల్సి వచ్చింది. అంటే పర్యటన మొదలవగానే జట్టుకి కెప్టెన్ లేడు, మంచి బ్యాట్స్‌మన్ లేడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లార్డ్స్, కౌంటీలు, వరసపెట్టి ఓటములు.

ఆ ఓటముల మధ్యలో ఎవరు నిలబడ్డారో చెప్పే ముందు ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పాలి. లేకపోతే ఆ వికెట్ల విలువ తెలీదు.

పల్వంకర్ బాలు 1876లో ధార్వాడ్‌లో పుట్టాడు. చమార్ కులం, అంటే చర్మం పని చేసే కులం, ఆ రోజుల్లో ఊరు ముట్టుకోని కులం. పూనాలో పెరిగాడు. సైనికులు వాడి పారేసిన బ్యాట్లూ బంతులతో అన్నదమ్ములంతా ఆడుకునేవాళ్లు. పెద్దవాడయ్యాక పార్సీల క్లబ్బులో గ్రౌండ్ ఊడ్చి, రోలర్ లాగే పనికి కుదిరాడు. జీతం నెలకి మూడు రూపాయలు. తర్వాత తెల్ల దొరల పూనా క్లబ్బులో నాలుగు రూపాయల పని. అక్కడ ఈయన పని ఏంటంటే పిచ్ చదును చెయ్యడం, గీతలు గియ్యడం, ప్రాక్టీసుకి నెట్స్ కట్టడం, తీరిక దొరికితే దొరలకి నెట్స్‌లో బంతులెయ్యడం. అలా వేస్తూ వేస్తూనే బౌలింగ్ నేర్చాడు. గ్రెగ్ అని ఒక ఇంగ్లీషు ఆఫీసరు ఉండేవాడు, మంచి బ్యాట్స్‌మన్, రోజూ అందరికంటే గంట ముందే వచ్చి ఈయనతో బంతులు వేయించుకునేవాడు. తనని అవుట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్తారు. అంటే అర్ధరూపాయి. నాలుగు రూపాయల జీతగాడికి అదెంత డబ్బో మీరే లెక్కేసుకోండి. అన్ని నెలలు, అన్ని గంటలు బంతులేసిన మనిషికి ఆ నెట్స్‌లో ఒక్కసారి కూడా బ్యాట్ చేతికివ్వలేదు. బ్యాటింగ్ దొరలది, బౌలింగ్ పనివాళ్లది.

ఇప్పుడు అదే పూనాలో హిందువుల క్లబ్బు ఉంది. దొరల జట్టుని ఓడించాలని వాళ్లకి చాలా కోరిక. దొరల్నే అవుట్ చేస్తున్న బౌలర్ ఊళ్లోనే ఉన్నాడు. కులమేమో అడ్డు. చాలా గొడవయ్యాక, వాదనలయ్యాక, సరే ఆడనిద్దాం అన్నారు. ఎలా ఆడనిచ్చారో ఇక్కడ కాస్త దగ్గర నుంచి చూడండి. మైదానంలో అందరూ అదే బంతిని పట్టుకుంటారు. బాలు వేసిన బంతిని వికెట్ కీపర్ పట్టుకుని తిరిగి బాలుకే విసురుతాడు, ఏ ఇబ్బందీ లేదు. టీ టైమ్ అవుతుంది. మిగతా పదిమందీ పెవిలియన్ లోపలికి వెళ్లి పింగాణీ కప్పుల్లో తాగుతారు. బాలుకి మాత్రం బయటే, మట్టి ముంతలో పోసిస్తారు, తాగాక అది పారెయ్యాలి. మొహం కడుక్కోవాలంటే ఆయన కులం నౌకరే నీళ్లు తెచ్చి మైదానంలో ఓ మూల పొయ్యాలి. భోజనం వేరే పళ్లెంలో, వేరే చోట. మన ఊళ్లలో హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో పెద్దవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే పద్ధతి, తేడా ఏంటంటే ఇక్కడ ఆ ముంత పట్టుకున్న మనిషి ఉదయం నుంచి వాళ్లందరి కోసం వికెట్లు తీసి వచ్చినవాడు. ఆ బంతి తోలుతో కుట్టిన బంతి అన్న సంగతి కూడా ఒకసారి తల్చుకోండి.

తర్వాత ప్లేగు రోజుల్లో కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ హిందూ జింఖానా, మళ్లీ అదే గొడవ, మళ్లీ అదే సర్దుబాటు, ఎందుకంటే వికెట్లు కావాలి. 1906లో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టుని 109 పరుగుల తేడాతో ఓడించింది, ఆ గెలుపులో బాలు బౌలింగే కీలకం. ఆట బాగుంటే మెల్లగా గోడలు కరుగుతాయని కొందరు పత్రికల్లో రాశారు కూడా. కొంత కరిగాయి, బొంబాయిలో లోపల కూర్చుని తినే దాకా వచ్చింది. కెప్టెన్సీ దాకా మాత్రం రాలేదు, దాని గురించి తర్వాత చెప్తాను.

ఈ మనిషి 1911లో ఓడ ఎక్కాడు. తమ్ముడు శివరామ్ కూడా అదే జట్టులో ఉన్నాడు. ఆ వేసవి ఇంగ్లాండ్‌లో ఎండలు మండిపోయాయి, అక్కడివాళ్లు తరాల తరబడి చెప్పుకున్న వేసవి అది. 35 ఏళ్లు, అలిసిన భుజం. అయినా జట్టులో రోజుల తరబడి ఒక చివర నుంచి బౌలింగ్ వేస్తూ ఉండగలిగింది ఈయనే. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 103 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. పర్యటన మొత్తం మీద 114 వికెట్లు, సగటున వికెట్‌కి 18.84 పరుగులు. అందులో ఫస్ట్‌క్లాస్, అంటే పెద్ద స్థాయి మ్యాచ్‌ల్లోనే 75. మొత్తం 23 మ్యాచ్‌లాడి 15 ఓడి, 6 గెలిచి, 2 డ్రా చేసుకున్న జట్టులో ఒక్క మనిషి 114 వికెట్లు తీశాడంటే, బ్యాట్స్‌మెన్ పరుగులు చెయ్యని మ్యాచ్‌లో కూడా, ఓడిపోతామని తెలిసిన మధ్యాహ్నం కూడా, ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేస్తూనే ఉన్నాడని అర్థం. గెలిచే జట్టులో వికెట్లు తియ్యడం కన్నా ఇది చాలా కష్టం అని నా గట్టి నమ్మకం. గెలిచే జట్టుకి ప్రత్యర్థి భయపడుతూ వస్తాడు. ఓడే జట్టు ముందు వాడు నవ్వుతూ వస్తాడు.

జులైలో ఆ వరస మారింది. లెస్టర్‌షైర్ మీద బాలు మ్యాచ్‌లో 11 వికెట్లు తీశాడు, జట్టు గెలిచింది. ఆల్ ఇండియా పేరుతో ఇంగ్లాండ్‌లో ఒక కౌంటీ మీద మన మొదటి గెలుపు అది. వెంటనే సోమర్‌సెట్ మీద రెండోది, ఒకే ఒక్క వికెట్ తేడాతో. అక్కడ తమ్ముడు శివరామ్ సెంచరీ కొట్టి చివరిదాకా నిలబడ్డాడు. మళ్లీ చెప్తున్నాను, 1911 పర్యటనలో 14 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో మనం గెలిచినవి రెండు. ఒకటి అన్న బౌలింగ్ మీద, ఇంకోటి తమ్ముడి బ్యాటింగ్ మీద. మహారాజు కెప్టెన్‌గా ఉన్న జట్టుకి ఆ రెండు గెలుపులూ అందించింది గ్రౌండ్ ఊడ్చిన ఇంటి పిల్లలు.

ఇక ఇటు కలకత్తా. రోజులు ఇంచుమించు అవే. మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టింది. ఐఎఫ్ఏ షీల్డ్ అంటే అప్పుడు పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ, బ్రిటిష్ వాళ్ల జట్లే గెలుస్తూ వచ్చాయి. మోహన్ బగాన్ సెయింట్ జేవియర్స్‌ని 3-0తో, రేంజర్స్‌ని 2-1తో, రైఫిల్ బ్రిగేడ్‌ని 1-0తో దాటుకుంటూ సెమీస్‌కి వచ్చింది. అక్కడ మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌తో 1-1, మళ్లీ ఆడిస్తే 3-0. జులై 29న ఫైనల్, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌తో. పాట్నా నుంచి, అస్సాం నుంచి జనం దిగారు, ప్రత్యేకంగా రైలు వేశారు. అరవై వేలని కొందరు, ఎనభై వేలని కొందరు రాశారు, ఏదైనా గానీ ఆ రోజుల్లో ఒక మైదానం చుట్టూ అంతమంది! వెనకున్నవాళ్లకి ఆట కనపడదు, అందుకని స్కోరు తెలిసేలా గాలిపటాలు ఎగరేశారు. పదకొండు మందిలో పదిమంది ఉత్త కాళ్లతో ఆడారు, బూట్లు వేసుకున్నది రెవరెండ్ సుధీర్ ఛటర్జీ ఒక్కడే. ఎదురుగా బూట్లు తొడుక్కున్న సైనికులు. బూటు వేసుకున్నవాడి కాలు మీ కాలి మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అది భయపెట్టడం కూడా. ముందు గోల్ జాక్సన్ కొట్టాడు, వాళ్లకి 1-0. కెప్టెన్ శివదాస్ భాదురి సమం చేశాడు. ఆట ముగియబోతుండగా అభిలాష్ ఘోష్, స్కాటిష్ చర్చి కాలేజీ కుర్రాడు, రెండోది కొట్టేశాడు. 2-1. ఆ జట్టులో ఎక్కువమంది తూర్పు బెంగాల్ మూలాలవాళ్లే, అంటే బెంగాల్‌ని విభజిస్తూ వైస్రాయ్ కర్జన్ గీసిన గీతకి అవతలివైపు వాళ్లు, కాబట్టి విభజనతో రగిలిపోతున్న జనానికి ఆ గెలుపు ఎలా తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ డిసెంబర్‌లోనే ఢిల్లీ దర్బారులో విభజన రద్దు చేసి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చేశారు. ఫుట్‌బాల్ వల్లే మార్చారని నేను అనను, అంత తేలిగ్గా ప్రభుత్వాలు కదలవు.

ఇంకో మాట చెప్పుకుంటారు అక్కడ. మ్యాచ్ అయ్యాక ఒక పెద్దాయన కలకత్తా కోట ఫోర్ట్ విలియం మీద ఎగురుతున్న బ్రిటిష్ జెండా చూపించి అదెప్పుడు దిగుతుంది అంటే, మళ్లీ షీల్డ్ గెలిచినప్పుడు అని ఎవరో అన్నారట. అది కథగానే తీసుకుందాం. మోహన్ బగాన్ రెండోసారి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది మాత్రం 1947లో, అది రికార్డుల్లో ఉంది.

చూశారా, ఎంత అందంగా చెప్పుకోవచ్చో ఈ కథ! ఒకవైపు మనం, ఒకవైపు వాళ్లు, మధ్యలో బంతి. అందుకే నిలిచింది. ఇవాళ్టికీ జులై 29ని మోహన్ బగాన్ రోజుగా జరుపుకుంటారు. బాలు కథ అలా చెప్పుకోవడం కుదరదు. ఆయన ఇంగ్లాండ్ బ్యాట్స్‌మెన్‌ని ఓడించాడు, నిజమే, కానీ అక్కడిదాకా చేరడానికి ఆయన ముందుగా తన జట్టువాళ్లతో గెలవాల్సి వచ్చింది. ఆ భాగం చెప్తే మన పెద్దల పేర్లు, మన క్లబ్బుల పేర్లు బయటికొస్తాయి. అందుకే చెప్పరు అని నా అభిప్రాయం. క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో, పాత స్కోర్లు కంఠస్థం చేసే దేశంలో, ఇంకే కారణం ఉంటుంది చెప్పండి?

ఆయన తిరిగొచ్చాక బొంబాయిలో దళితులు సభ పెట్టి సన్మానం చేశారు. ఆ రోజు చదివిన సన్మాన పత్రం రాసింది కాలేజీలో చదువుతున్న భీమ్‌రావ్ అంబేడ్కర్ అని చెప్తారు. ఆ తరం దళిత కుర్రాళ్లకి బాలు అంటే అంత. దేశం పేరు మీద ఇంగ్లాండ్ వెళ్లి, పత్రికల్లో పేరు వేయించుకున్న తమవాడు.

మరి హిందూ జట్టు ఏం చేసింది? ఇంగ్లాండ్‌లో 114 వికెట్లు తీసి వచ్చిన మనిషి, అందరికంటే సీనియరు. ఏటా కెప్టెన్‌ని ఎన్నుకుంటారు, ఏటా ఆయన పేరు వస్తుంది, ఏటా ఇంకొకరికి ఇస్తారు. కెప్టెన్సీ అంటే ఊరికే టాస్ వెయ్యడం కాదు కదా, పది మంది ఆయన మాట వినాలి, ఆయన నిలబడమన్న చోట నిలబడాలి. అది ఒప్పుకోలేకపోయారు. 1920లో ఆయన్ని జట్టు నుంచే తీసేశారు. కెప్టెన్ పాయ్ ఒంట్లో బాగోక ఆగిపోతే బాలు ఇంకో తమ్ముడు విఠల్‌కి రావాల్సిన కెప్టెన్సీని అతనికంటే జూనియర్‌కి ఇచ్చారు. దాంతో విఠల్, శివరామ్ ఇద్దరూ మేం ఆడం అని బయటికొచ్చేశారు, ఎందుకు ఆడటం లేదో బాహాటంగా ప్రకటన ఇచ్చి మరీ. జట్టు కోసం ఆడకుండా వెళ్లిపోయారని అప్పుడు కొందరు తప్పుపట్టారు. నాకు మాత్రం ఆ ఇద్దరూ ఆడకుండా కూర్చున్న ఆ మ్యాచ్ వాళ్ల జీవితంలో ఆడిన గొప్ప మ్యాచ్‌లతో సమానం. చివరికి జట్టు పెద్దలు దిగొచ్చారు. అన్నదమ్ములు తిరిగి జట్టులోకి వచ్చారు, బాలుని వైస్ కెప్టెన్ చేశారు, ఆట మధ్యలో పాయ్ కావాలనే మైదానం వదిలి పక్కకి వెళ్లాడు, కాసేపైనా బాలు జట్టుని నడిపించాలని. 44 ఏళ్ల వయసులో, కాసేపు. మూడేళ్లకి, 1923లో విఠల్ పూర్తి స్థాయి కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడాది యూరోపియన్ల మీద హిందువులు గెలిచారు.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఒక దారం ఉంది. సి.కె. నాయుడు, మచిలీపట్నం మూలాలున్న కుటుంబం, నాగపూర్‌లో పుట్టాడు. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి కెప్టెన్. ఆయన 1916లో పెద్ద క్రికెట్‌లో అడుగుపెట్టింది బాలు తమ్ముళ్లు ఆడిన ఆ హిందూ జట్టుతోనే. నాయుడు గారి విగ్రహాలు, స్టేడియంలకి పేర్లు మనకి ఉన్నాయి, సంతోషం. ఆయన కంటే 21 ఏళ్ల ముందు అదే ఇంగ్లాండ్‌లో దేశం పేరు మోసిన బౌలర్‌ని కూడా ఆ పక్కన పెట్టాలి.

బాలు జీవితంలో చివరి భాగం అంత సులువుగా మింగుడుపడదు, అయినా దాచడం నాకిష్టం లేదు. 1932లో దళితులకి వేరే నియోజకవర్గాలు వద్దని గాంధీ నిరాహారదీక్ష చేసిన సమయంలో బాలు అంబేడ్కర్ మార్గం వైపు నిలబడలేదు. 1937 బొంబాయి ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ని తీసుకొచ్చి అంబేడ్కర్ మీదే పోటీకి పెట్టింది. అంబేడ్కర్‌కి 13,245 ఓట్లు, బాలుకి 11,225. ఒకప్పుడు తన గురించి సన్మాన పత్రం రాసిన కుర్రాడితో ఆయన ఓడిపోయాడు. దీన్ని పట్టుకుని ఆయన ఆటని తక్కువ చేసేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. రాజకీయంగా ఆయన తప్పు చేశాడని మీరనుకుంటే అనుకోండి, నేనూ అనుకుంటాను. కానీ లెస్టర్‌లో పడ్డ ఆ 11 వికెట్లు ఏ పార్టీ టికెట్ మీదా పడలేదు. ఆయన 1955 జులైలో చనిపోయాడు, అంటే మనం టెస్టులు గెలవడం మొదలుపెట్టాక కూడా మూడేళ్లు బతికే ఉన్నాడు.

ఇక్కడ స్కూలు టీచర్లు కొందరున్నారు కాబట్టి ఒక్క పని చెప్తాను. 1911 పర్యటన స్కోర్‌కార్డులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పిల్లలకి మోహన్ బగాన్ ఫైనల్ గురించి చెప్పే రోజున లెస్టర్‌షైర్ మ్యాచ్ కార్డు కూడా ప్రింట్ తీసి చేతికివ్వండి, బౌలింగ్ వరసలో బాలు పేరు ఎదురుగా ఎన్ని ఓవర్లు ఉన్నాయో వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. సరే, నేను చెప్పాల్సింది అయిపోయింది, ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక్కి పంపిస్తారు.